గోడ వారన పసుపు గీత

పరంజ్యోతి స్వామివారికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా వచ్చి ఇంకొకరి సంగతి ఎత్తితే వెంటనే జవాబు చెప్పేవారు కారు. చేతిలో ఉన్న పని కానిచ్చి, ఆ తరవాత కూడా అడిగినదాన్ని పక్కన పెట్టి మరేదో చెప్పేవారు.

ఒకనాటి ఉదయం ఆయన మఠం వసారాలో కూర్చుని చింతపండులో గింజలు తీస్తుండగా శిష్యుడు ముకుందుడు వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. మఠంలో కొత్తగా చేరిన శేషగిరి మీద అతనికి గురి కుదరలేదు. అందరూ భోజనాలకు లేచే వేళకు శేషగిరి గది తలుపు దగ్గరకు వేసుకుంటాడు. ఎవరైనా వస్తున్న అలికిడైతే చేతిలోది చటుక్కున దాచేస్తాడు.

"స్వామీ, ఒక మనిషి మన దగ్గర ఏదో దాస్తున్నాడని తెలిశాక కూడా అనుమానించడం తప్పేనా?" అని అడిగాడు ముకుందుడు.

స్వామివారు చింతపండంతా జాడీలోకి ఎత్తి, చేతులు కడుక్కుని వచ్చి, ఈ సంగతి చెప్పారు.

మంగళగిరిలో పానకాలు అనే నేతగాడు ఉండేవాడు. అతని ఇంటి వెనక గదిలో నాంచారమ్మ అనే ఆమె అద్దెకు ఉండేది. నా అన్నవాళ్ళు లేని మనిషి. బెల్లం పాకం పట్టి, జీళ్ళు, నువ్వుండలు చేసి సంతలో అమ్ముకుని బతికేది. పానకాలు భార్య భూలక్ష్మి పుట్టింట్లో పురుడు పోసుకుని, పసిబిడ్డతో అప్పుడే తిరిగి వచ్చింది. ఊరంతా వచ్చి బిడ్డను ఎత్తుకుంది. నాంచారమ్మ మాత్రం గుమ్మంలోనే నిలబడి, బిడ్డ వంక ఒక్కసారి చూసి, గది నాలుగు వైపులా కలయజూసి వెళ్ళిపోయింది. ఆ చూపు భూలక్ష్మికి నచ్చలేదు.

తరవాత ఒకరోజు గది ఊడుస్తుంటే గోడ వారన సన్నటి పసుపు గీత కనిపించింది. పండగనాడు గడపకు రాసే పసుపు కాదది. కిటికీ కింద మొదలై, గోడ వెంటే పాకి, బిడ్డ పడుకునే మంచం చుట్టూ తిరిగి ఉంది. మంచం కోళ్ళ దగ్గర లవంగాలు, వాడిపోయిన నిమ్మ తొక్కలు. తలుపు మూల నల్లటి పొడి ఏదో చల్లి ఉంది. భూలక్ష్మి చీపురు వదిలేసింది. ఆమె పుట్టింట్లో పసుపూ నిమ్మకాయా కలిసి నేల మీద కనిపిస్తే అర్థం ఒక్కటే, ఎవరో ఏదో చేయించారని.

ఆమె భర్తతో చెప్పలేదు. అతను నవ్వేస్తాడని భయం. నీళ్ళతో గదంతా కడిగేసింది. మర్నాడు మళ్ళీ గీత ఉంది. ఈసారి నీళ్ళకు పోతున్నట్టు బిందె చంకన పెట్టుకుని బయటికి నడిచి, దడి చాటున నిలబడి చూసింది. నాంచారమ్మ అటూ ఇటూ చూసి, చప్పుడు కాకుండా గదిలోకి వెళ్ళింది. మంచం పక్కన వంగింది. బయటికి వచ్చేటప్పుడు ఆమె వేళ్ళు పచ్చగా ఉన్నాయి. కొంగుతో గబగబా తుడుచుకుంది.

ఆ రోజు నుంచి భూలక్ష్మికి ప్రతిదీ ఒక ఆధారమే అయింది. నాంచారమ్మ పలకరిస్తే లోపల ఏదో పెట్టుకుని పలకరించినట్టు ఉండేది. పలకరించకపోతే పని పూర్తయిందేమో అనిపించేది. బిడ్డ తుమ్మినా ఆమె గది వైపే చూసేది. నాంచారమ్మ ఇచ్చిన నువ్వుండ పెరట్లో పాతిపెట్టింది.

చివరికి వీధిలో వెళ్తున్న సోదెమ్మను పిలిచి, చేటలో బియ్యం పోసి, ఉన్నదంతా చెప్పింది. సోదెమ్మ కళ్ళు మూసుకుని తల ఊపింది.

"కడుపుమంటతో చేసిన పని తల్లీ ఇది. తీపి పెడితేగానీ చల్లారదు. ఆ గీతలన్నీ కడిగేసి, గది నాలుగు మూలలా బెల్లం ముక్కలు పెట్టు. మంచం కింద ఒకటి పెట్టు. ఎవరితోనూ అనకు."

భూలక్ష్మి అక్షరాలా అలాగే చేసింది. నాంచారమ్మ సంతకు వెళ్ళేదాకా ఆగి, గది కడిగి, బెల్లం పెట్టి, బిడ్డను పడుకోబెట్టి, నిశ్చింతగా పెరట్లో బట్టలు ఉతకడానికి కూర్చుంది.

బిడ్డ కెవ్వుమన్నప్పుడు సబ్బు చేతులతోనే పరుగెత్తింది. అప్పుడే సంత నుంచి వస్తున్న నాంచారమ్మ గంప వీధిలోనే దించేసి ఆమెకంటే ముందు లోపలికి దూరింది. మంచం కోళ్ళ మీదుగా ఎర్రచీమలు బారులు కట్టి ఉన్నాయి. నాంచారమ్మ బిడ్డను లాగి ఒళ్ళో వేసుకుని, మెడ మడతల్లోంచి, వేళ్ళ సందుల్లోంచి చీమలను ఏరింది.

"వదులు నా బిడ్డను! ఏం చేశావు నా బిడ్డకి? మంచం చుట్టూ ఆ పసుపేంటి, ఆ నిమ్మ తొక్కలేంటి?" అని అరిచింది భూలక్ష్మి.

నాంచారమ్మ తల ఎత్తలేదు. "చీమలు రాకుండా గీశానమ్మాయ్. ఆ నల్లటిది మిరియాల పొడి. చీమలు ఆ ఘాటు దాటవని మా అమ్మ చేసేది. నువ్వు రాకముందే మీ ఆయన చెప్పాడు, నీ బెల్లానికి చీమలు పట్టి బిడ్డ దగ్గరికొస్తే ఆ రోజే పొయ్యి ఆర్పుకుని పొమ్మని. నా గదిలోంచి బారు ఇటే వస్తుంటే నీకు ఏమని చెప్పను?"

ఏడుపు విని పానకాలు మగ్గం దిగి వచ్చాడు. వాచిన బిడ్డను చూశాడు. మూలల్లో చీమలు ముసిరిన బెల్లాన్ని చూశాడు.

"అనుకున్నంతా అయింది. బెల్లం ఇక్కడిదాకా తెచ్చి పారేశావా? సామాను సర్దుకో పిన్నీ."

"అది నాది కాదు బాబూ."

"ఇంట్లో బెల్లంతో పనున్నది నీకు కాక ఎవరికి?"

నాంచారమ్మ బిడ్డ చెవి వెనక నుంచి ఇంకో చీమను ఏరింది. భూలక్ష్మి మూలనున్న బెల్లం ముక్క వంక చూసింది. తను ఊరుకుంటే చాలు, ఇక ఈ మనిషి ఇంట్లో ఉండదు. మొన్నటిదాకా కోరుకున్నది అదే. బిడ్డ ఇంకా నాంచారమ్మ ఒళ్ళోనే వెక్కుతోంది.

"నేనే పెట్టాను," అంది చివరికి. పానకాలు అర్థం కాక మళ్ళీ అడిగాడు. దడి చాటున నిలబడి చూసిన దగ్గర్నుంచి సోదెమ్మ మాట దాకా అంతా చెప్పింది.

పానకాలు నాంచారమ్మను ఉండమన్నాడు. బిడ్డ వాపు తగ్గేదాకా ఆమె ఉంది, రోజూ కొబ్బరినూనె రాసింది. ఆ తరవాత ఇంకో వీధిలో గది చూసుకుని వెళ్ళిపోయింది. భూలక్ష్మి బిడ్డను ఎత్తుకుని వెళ్ళి, తిరిగి రమ్మని చేతులు పట్టుకుంది.

"నీ మీద నాకు కోపం లేదమ్మాయ్," అంది నాంచారమ్మ. "కానీ ఇక్కడ నేను వంగి నేల తుడుచుకున్నా ఎవరూ దడి చాటు నుంచి చూడరు."

స్వామివారు అంతటితో ఆపి, ఉత్తరీయం దులుపుకున్నారు. ముకుందుడికి తృప్తి కలగలేదు.

"అయినా స్వామీ, నాంచారమ్మ ఏదో దాస్తోందన్న మాట నిజమే కదా! భూలక్ష్మి అనుమానంలో తప్పేముంది?"

"ఏమీ లేదు నాయనా," అన్నారు స్వామివారు లేస్తూ. "దాస్తోందని సరిగ్గానే కనిపెట్టింది. ఎందుకు దాస్తోందో మాత్రం సోదెమ్మను అడిగింది."