రాళ్ళదారిలో తమ్ముడి కెమెరా

సత్యప్రసాద్ మాస్టారికి ఒక అలవాటు ఉండేది. ఎవరేది అడిగినా వెంటనే జవాబు చెప్పేవారు కాదు. ఎప్పుడు, ఎక్కడికి రావాలో మాత్రం చెప్పేవారు. నర్సీపట్నంలో ముప్ఫై ఏళ్ళు ఫొటో స్టూడియో నడిపి, అది మూసేశాక, మోటార్ సైకిలు మీద కొండదారులు పట్టి పోయి, గుడారం వేసుకుని, ఫొటోలు తీసుకురావడం ఎలాగో నేర్పసాగారు. ఆయన దగ్గర నేర్చుకునేవాళ్ళు ఎన్నడూ నలుగురైదుగురికి మించలేదు. వాళ్ళలో ఒకరు వింధ్యావళి.

ఆమె జూనియర్ కాలేజీలో జంతుశాస్త్రం చెబుతుంది. నలభై మూడేళ్ళు. ఆమెకన్నా ముందు మాస్టారికి శిష్యుడు ఆమె తమ్ముడు మనోహర్. రెండేళ్ళ కిందట జబ్బు చేసి పోయాడు. అతని బండీ కెమెరా అక్కకి మిగిలాయి. బండి నడపడం ఆమె పట్టుబట్టి నేర్చుకుంది. కెమెరాని మాత్రం బీరువాలో పెట్టి, నెలకోసారి తీసి తుడిచి, బ్యాటరీ ఛార్జి చేసి, ఒక్క ఫొటో అయినా తియ్యకుండా మళ్ళీ లోపల పెట్టేసేది. పాఠాలకి మాస్టారి పాత కెమెరాతోనే సరిపెట్టుకునేది.

ఒకనాడు ఆమె అడిగింది: "మాస్టారూ, ప్రాణంలా దాచుకున్న వస్తువుని తెలిసి తెలిసి రాళ్ళదారిలోకి తీసుకెళ్ళడం తప్పు కాదా?"

"శనివారం పొద్దున్న ఆరింటికి బయల్దేరదాం," అన్నారాయన. "మనోహర్ కెమెరా తెచ్చుకోండి."

ఆమె తెచ్చింది. కెమెరాని తువ్వాల్లో చుట్టి, స్పాంజి ముక్కల మధ్య ఇరికించి, గట్టి ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి, ఆ పెట్టెని బండి వెనక క్యారియర్‌కి మూడు రబ్బరు తాళ్ళతో బిగించింది. గుడారం, దుప్పట్లు, అటుకులు, నీళ్ళ సీసాలు పక్క సంచుల్లోకి వెళ్ళాయి. మాస్టారు అంతా చూసి, తన బండి స్టార్ట్ చేశారు.

తారు రోడ్డు ఉన్నంతవరకూ బాగానే సాగింది. ఎర్రమట్టీ గుండ్రాళ్ళూ మొదలయ్యాక పెట్టె టకటకలాడసాగింది. రెండు కిలోమీటర్లకోసారి ఆమె బండి ఆపి, తాళ్ళు విప్పి, మూత తెరిచి, కెమెరాని కళ్ళారా చూసుకుని మళ్ళీ కట్టుకునేది. దారికి అటూ ఇటూ వలిసె చేలు కొండ నడుముదాకా పసుప్పచ్చగా పూసి ఉన్నాయి. ఆమె చూడనే లేదు. అయిదోసారి ఆపినప్పుడు మాస్టారు తన బండి దిగి వచ్చారు.

"పెట్టెలో ఉన్నంతసేపూ ప్రతి రాయి దెబ్బా దానికే తగులుతుందమ్మా. వీపున తగిలించుకుంటే సగం మీ ఒళ్ళు పట్టుకుంటుంది."

"నేను పడితేనో?"

"పడితే ఇద్దరూ పడతారు."

ఆ మాట ఆమెకి నచ్చలేదు. అయినా కెమెరాని భుజాల సంచిలోకి మార్చి వీపున వేసుకుంది. రాళ్ళు వచ్చినచోట సీటు మీంచి కాస్త లేచి, మోకాళ్ళు సడలించి నడిపితే బరువు తనతోపాటే లేచి తనతోపాటే దిగుతోంది. గంటసేపు ఆమె బండి ఆపలేదు. తలెత్తి చేలవైపు కూడా చూసింది.

వాగు దాటి ఒడ్డెక్కేచోట ముందు చక్రం తడి బండ మీద జారింది. బండి ఒక పక్కకి ఒరిగింది, ఆమె ఇంకో పక్కకి పడింది. వీపు కింద సంచి రాతికి కొట్టుకున్న చప్పుడు ఆమె వెన్నుకి తెలిసింది. మోచెయ్యి చీరుకుపోయి నెత్తురు కారుతున్నా అటు చూడకుండా, నీళ్ళలోనే కూర్చుని, సంచి విప్పకుండా పైనుంచే తడిమి చూసుకుంది.

పై గట్టున ఏదో పనిలో ఉన్న ఆడవాళ్ళు ముగ్గురు పరుగెత్తుకొచ్చారు. ఇద్దరు మాస్టారితో కలిసి బండిని లేవనెత్తారు. మూడో ఆవిడ దొయిమతి, యాభై ఏళ్ళ మనిషి. వింధ్యావళి మోచెయ్యి కడిగి, తన తలగుడ్డ చింపి కట్టింది.

"ఏటమ్మా, ఎముక్కేటీ తగల్లేదు కదా?"

"లేదు. కెమెరాకి తగిలింది."

"ఫొటోలు తీసేదా? అయితే మంచిదే. రా, బేగి రా. నీళ్ళొదుల్తన్నారు."

ఆ గూడెంవాళ్ళు పై కొండలోని ఊట నుంచి ఇళ్ళదాకా మూడు నెలలుగా మట్టి తవ్వి గొట్టం పరిచారు. ఇన్నాళ్ళూ బిందెతో ఈ వాగుకే దిగి ఎక్కేవాళ్ళు. ఇవాళే మొదటిసారి నీళ్ళు వదులుతున్నారు.

"ఇది పనిచేస్తుందో లేదో," అంది వింధ్యావళి సంచిని గుండెకి హత్తుకుని.

"మా గొట్టమూ అంతేనమ్మా. వస్తాదో రాదో ఎవులికి తెల్సు? చూద్దుం రా."

వింధ్యావళి మాస్టారివైపు చూసింది. ఆయన బండి అద్దం సరిచేసుకుంటున్నారు. ఆమె లేచి దొయిమతి వెనకాలే గట్టెక్కింది.

గూడెమంతా గొట్టం చివర చుట్టూ నిలబడి ఉంది. గొట్టం ముందు గాలి వదిలింది. తర్వాత దగ్గింది. ఇంత ఎర్రమట్టి కక్కి ఊరుకుంది. "అయిపోనాది," అన్నారెవరో నీరసంగా. దొయిమతి వంగి గొట్టానికి చెవి ఆనించింది. అదే క్షణంలో వింధ్యావళి సంచి విప్పి కెమెరా తీసింది. లెన్సు చుట్టూ ఉండే తొడుగు విరిగి చేతికొచ్చింది. దాన్ని పక్కన పడేసి, స్విచ్చి వేసి కంటికి ఆనించుకునేసరికి, గొట్టం లోపల ఏదో గుడగుడమని, దొయిమతి మొహం మీదికి నీళ్ళు ఒక్కసారిగా దూకాయి. ముందు ఎర్రగా, ఆ వెంటనే తేటగా. ఆవిడ పక్కకి జరగలేదు. కళ్ళు మూసుకుని, నోరు తెరిచి, అలాగే ఉండిపోయింది. వెనకున్న ఆడవాళ్ళు ఆవిడ మీద పడి చేతులు చాచారు. వింధ్యావళి నలభై ఫొటోలు తీసింది. తను ఏడుస్తోందని ఆమెకి తర్వాత ఎప్పుడో తెలిసింది.

దొయిమతి వాటిని చిన్న తెర మీద చూసి, ఒక దానిమీద తడి వేలు పెట్టింది. "ఇది కాయితం మీద కావాల. నువ్వే తేవాల."

"వచ్చే నెల తెస్తాను," అంది వింధ్యావళి.

సాయంత్రం గూడెం పక్కనే గుడారాలు వేసుకున్నారు. మాస్టారు పొయ్యి మీద టీ పెడుతున్నారు. వింధ్యావళి చాప మీద కూర్చుని కెమెరా బురద తుడుస్తోంది. కుడి మూలన కొత్త సొట్ట ఒకటి, నల్లరంగు లేచిపోయి తెల్లగా మెరుస్తోంది. దాని చుట్టూ పాతవి చాలా ఉన్నాయి, ఎప్పుడో మనోహర్ చేతుల్లో ఉండగా పడ్డవి. ఆమె వేలికి గుడ్డ చుట్టి ఆ కొత్తదాన్నే పదేపదే రుద్దుతోంది.

మాస్టారు గ్లాసు ఆమె ముందు పెట్టి అన్నారు: "రుద్దకండమ్మా. అక్కడున్నవన్నీ అతనివి. మీదంటూ ఉన్నది అదొక్కటే."