ఫోటినీ వదిలిన జాగా

అనగనగా, మన తాతల తాతకు ఇంకా పాలపళ్లు ఊడని రోజుల్లో, మధ్యధరా సముద్రంలో ఒక లంక. ధర అంటే భూమి. భూముల నడుమ ఉంది కాబట్టి మధ్యధరా. ఆ లంకలో తెల్లటి గోడలు, నీలం తలుపులు. అవి చూడ్డానికే ఓడల మీద జనం వచ్చేవారు.

ఆ గోడలకు వెల్ల వేసేది ఫోటినీ. ముసలిది, ఒంటరిది. సున్నానికి వేళ్లు పగిలిపోయాయి. ఊరివాళ్లిచ్చిన గుడిసెలో ఉండేది. వెల్ల ఆగితే గుడిసె పోతుంది.

ఒక ఏడు అవతలి ఒడ్డున యుద్ధం వచ్చింది. పారిపోయి వస్తున్న పడవ మునిగింది. శవాలు లంకకు కొట్టుకొచ్చాయి. చూడవచ్చే జనంతో ఓడ రావడానికి నాలుగు రోజులే ఉన్నాయి. ఊరిపెద్ద స్టామాతిస్ రేవుగోడ వెనక గుంట తీయించి, అందరినీ ఒకేచోట పూడ్పించాడు. పేరు లేదు, గుర్తు లేదు.

మొదటి రోజు ఫోటినీ రేవుగోడకు వెల్ల వేసింది. ఆరింది. ఆరిన తెలుపు మీద తడిగా ఒక అరచెయ్యి తేలింది.

"నీ సున్నం నీళ్లపాలైందా, ముసలీ?" అన్నాడు స్టామాతిస్.

"సున్నం నాదే అయ్యా. చెయ్యి ఎవరిదో తమరే చెప్పాలి."

రెండో రోజు మళ్లీ వేసింది. ఆరింది. రెండు చేతులు తేలాయి. ఒకటి పెద్దది, ఒకటి పసిది.

"రేపటికి గోడ తెల్లబడకపోతే గుడిసె ఖాళీ చెయ్యి" అన్నాడు స్టామాతిస్.

మూడో రోజు మిట్టమధ్యాహ్నం. గాలి లేదు. పిట్ట లేదు. గోడ నిండా చేతులే. ఫోటినీ కుంచె ఎత్తింది. పసిచెయ్యి వేళ్లు ముడుచుకున్నాయి, దెబ్బకు జడిసినట్టు.

ఆమె కుంచె దించింది. "భయపడకు నాన్నా. ఏం కావాలి?"

గోడలోంచి గొంతు వచ్చింది. "కనబడనీ."

ఫోటినీ ఒక్కో చేతినీ వదిలేసి, చుట్టూరా వెల్ల వేసింది. సాయంత్రానికి గుడిసె పోయింది. చాప పట్టుకొచ్చి ఆ గోడకే ఆనుకుని పడుకుంది. తెల్లారేసరికి చాప మాత్రం ఉంది. గోడ మీద ఇంకో చెయ్యి ఉంది. వేళ్లు పగిలిన చెయ్యి.

స్టామాతిస్ తనే కుంచె పట్టి అన్నీ పూడ్చేశాడు. చేతులు అతని ఇంటి గోడకు తేలాయి. పక్కింటికి తేలాయి. ఆ పక్కింటికీ తేలాయి. చివరికి అతనే కత్తితో సున్నం గీకి, అరచేతి మేర ఖాళీ చేశాడు. అప్పుడు ఆగాయి.

ఇప్పటికీ ఆ లంకలో వెల్ల వేసేవాళ్లు ప్రతి గోడకూ అరచేతి మేర వదిలేస్తారు. దాన్ని ఫోటినీ జాగా అంటారు. దారిన పోతూ అక్కడ చెయ్యి ఆన్చి, "కనబడుతున్నారు" అంటారు. చెయ్యి వెంటనే తియ్యరు. అటువైపు వాళ్లు ముందు తియ్యాలి.