కుడిచెయ్యి పొట్టి స్వెట్టర్

లింగమూర్తి గారు వేదాంతం చెబుతుంటే ఆయన చేతిలో జపమాల కోసం వెతికిన కొత్తవాళ్లు కాస్త తెల్లబోయేవారు. అక్కడ ఉండేవి రెండు ఊలు సూదులు. మాట మాటదే, అల్లిక అల్లికదే. ఎవరైనా మరీ పెద్ద ప్రశ్న వేస్తే కుట్లు లెక్కపెట్టుకుంటూ సగమే విని, "ఊఁ, మళ్లీ చెప్పు" అనేవారు. రెండోసారి చెప్పేటప్పటికి ప్రశ్న సగానికి సగం చిక్కిపోయేది. వయసులో ఉండగా ఊపిరితిత్తుల జబ్బు చేసి ఆయన చాలాకాలం ఆసుపత్రి మంచం మీద ఉన్నారట. రోగులు ఊరికే పైకప్పు చూస్తూ పడుకుంటే జబ్బు ముదురుతుందని, అక్కడి నర్సు ఒకావిడ అందరికీ సూదులిచ్చి కూచోబెట్టిందట. ఆయన్ని జబ్బు వదిలింది గాని సూదులు వదల్లేదు.

ఆయన ఆశ్రమం పాడేరు పైన, కాఫీ తోటలు దాటాక ఒక మెట్ట మీద ఉండేది. ఆశ్రమమంటే ఏదో పెద్దగా ఊహించుకోకండి. రేకుల వసారా, నాలుగు గదులు, ఒక వంటిల్లు, అంతే. వలిసెపూలు పచ్చగా విచ్చుకున్నాయంటే చలి మెట్ట ఎక్కిందన్నమాట. పుష్యమాసం వచ్చేసరికి తెల్లవారుజామున గడ్డి మీద మంచు పంచదార చల్లినట్టు పేరుకునేది. అందుకని అక్కడ ఒక నియమం ఉండేది. చలికాలం ఉండదలచుకున్నవాడు తన ఉన్నిబట్ట తనే అల్లుకోవాలి. కొన్నది పనికిరాదు, ఇంకొకరు అల్లి ఇచ్చినది అసలే పనికిరాదు. విశాఖపట్నంలో ఊలు కొట్టు నడిపే భక్తుడొకాయన ఏడాదికోసారి అమ్ముడుపోని సరుకు ఒక మూట పంపేవాడు. దాన్ని వంటింటి త్రాసులో తూచి మనిషికి ఇంతని సమానంగా పంచేవారు. బక్కవాడికీ అంతే, భారీ మనిషికీ అంతే. అది అయిపోతే మళ్లీ వచ్చే ఏడే. పుష్యం మొదలయ్యేనాటికి ఒంటిమీద వెచ్చటిది లేనివాడు కాఫీ గింజల లారీ ఎక్కి కొండ దిగాల్సిందే. ఇదంతా ఎందుకండీ అని అడిగినవాళ్లకు గురువుగారు జవాబుగా సూదులు చేతికిచ్చేవారు.

ఆ ఏడు కార్తీకంలో పోలినాయుడు వచ్చాడు. రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన మనిషి. పిల్లల్లేరు, భార్య కాలం చేసింది. తలుపంత ఛాతీ, ఆ ఛాతీ నిండా ఉబ్బసం. అంతకుముందు చాలా మఠాల గడపలు తొక్కాడు. ఎక్కడా మనసు కుదురుకోలేదు. ఇక్కడ మాత్రం మొదటి సాయంత్రమే కుదురుకుంది. ఎందుకో అతనికే తెలియదు. వచ్చిన రోజే గురువుగారు అతని ఊపిరి చప్పుడు విని, "ఉబ్బసం మనిషివి. పుష్యం నాటికి ఒంటిమీద ఉన్ని లేకపోతే నీ విషయంలో ఒక్కరోజు కూడా ఆగను, లారీ ఎక్కించేస్తాను" అని చెప్పేశారు. కొండ దిగితే మళ్లీ ఎక్కేది లేదని నాయుడికి తెలుసు. బొబ్బిలిలో ఒక ఖాళీ వాటా అతని కోసం తాళం వేసుకుని కూచుని ఉంది. అందులో ఒంటరిగా, గోడ గడియారం చూసుకుంటూ మిగిలిన బతుకు గడపడమంటే అతనికి చావంత భయం.

ఒక సాయంత్రం అందరూ నెగడు చుట్టూ కూచున్నప్పుడు నాయుడు లేచి చేతులు కట్టుకు నిలబడ్డాడు.

"గురువుగారండి, నేను ఉద్యోగమంతా పట్టాల మీద బతికిన మనిషినండి. పట్టా తిన్నగా ఉంటే బండి ఎక్కడికి చేరాలో అక్కడికి చేరిపోద్ది. మీరు నడిచిన దారి ఉంది కదండి. అడుగులో అడుగేసుకుని నేనూ అదే దారిన వచ్చీసినాననుకోండి, మీరు చేరిన చోటికే చేరతాను కదండి?"

గురువుగారు సూది మీది వరస పూర్తిచేసి, అల్లిక రెండోవైపు తిప్పుకున్నారు.

"నీ స్వెట్టర్ ఎంతవరకు వచ్చింది?"

"ఇంకా మొదలెట్టలేదండి."

"మొదలుపెట్టు. తర్వాత మాట్లాడుకుందాం."

ఇంకొకడైతే పెద్దాయన మాట దాటేశారనుకుని ఊరుకునేవాడు. నాయుడికి మాత్రం అది పచ్చజెండాలా కనపడింది. ప్రశ్నకూ స్వెట్టర్‌కూ ముడిపెట్టారంటే ఊరికే పెట్టరు కదా అని ఆ రాత్రంతా ఆలోచించాడు. తెల్లారేసరికి జవాబు దొరికిపోయింది. గురువుగారు తన స్వెట్టర్ ఎలా అల్లుకున్నారో కుట్టు పొల్లు పోకుండా అలాగే అల్లాలి. ఆయన చెప్పకుండా చెప్పింది అదే! ఇంత చిన్న సంగతి ఇన్నాళ్లుగా పక్కనే ఉన్నవాళ్లకు తట్టలేదే అని వాళ్ల మీద కొంచెం జాలి కూడా పడ్డాడు.

గురువుగారి స్వెట్టర్ ఉతికి దండెం మీద ఆరేసిన రోజున నాయుడు అక్కడే చీపురు పట్టుకుని తచ్చాడాడు. ఊడ్చిన చోటే మళ్లీ ఊడుస్తూ, మెడ దగ్గర ఎన్ని కుట్లు, ఛాతీ దగ్గర ఎన్ని, చంక దగ్గర ఎక్కడ తగ్గించారు, అన్నీ వేలితో లెక్కపెట్టి నోటికి పట్టించుకున్నాడు. అప్పుడు రెండు వింతలు కనపడ్డాయి. ఎడమ చంక కింద ఒక వరస మొత్తం తిరగబడి ఉంది. పైగా ఎడమచెయ్యి నిండుగా ఉంటే, కుడిచెయ్యి దానికంటే నాలుగువేళ్లు పొట్టిగా ఉంది. నాయుడికి ఒళ్లు పులకరించింది. ఇంతటి మనిషి ఇది ఊరికే చేస్తారా? సాయంత్రానికల్లా అర్థం కూడా సిద్ధమైంది. కుడిచెయ్యి కర్మకు గుర్తు, దాన్ని కుదించుకోవాలి. ఎడమవైపు హృదయం, దాన్ని నిండుగా ఉంచుకోవాలి. తిరగబడ్డ వరస నివృత్తి మార్గం. నెగడు దగ్గర ఈ సంగతి అతను గొంతు తగ్గించి చెబుతుంటే తక్కినవాళ్లు నోరు తెరుచుకుని విన్నారు. అప్పటికే స్వెట్టర్ ముగించిన ఒకాయన ఆ రాత్రే తన కుడిచెయ్యి కొంత విప్పేసి పొట్టి చేసుకున్నాడు.

నాయుడు దీక్షగా అల్లాడు. వేళ్లు మొద్దుబారినా, దగ్గు తెరలు తెరలుగా వచ్చినా ఆగలేదు. అల్లుతుంటే ఎందుకో చిన్నదిగా ఉందే అని ఒకటి రెండుసార్లు అనిపించకపోలేదు. ఒంటికి ఆనించుకుని చూస్తే ఒక్క నిమిషంలో తేలిపోయేది. కానీ అలా చూడటం గురువుగారి కొలతని శంకించినట్టవుతుందని చూడలేదు. ఊలు సాగుతుందిలే అనుకున్నాడు. వంట చేసే వరహాలమ్మ మాడుగుల మనిషి, మనసులో ఏదీ దాచుకోదు. ఒకరోజు కాఫీ ఇవ్వడానికి వచ్చి అతని ఒళ్లో ఉన్నదాన్ని తేరిపార చూసింది.

"ఓలమ్మ! ఇదేటి బాబూ, ఎవులికి అల్లతన్నారు? ఏ సిన్నపిల్లోడికేటి?"

నాయుడు చిన్నగా నవ్వి తన వరస తను అల్లుకున్నాడు. తెలియని మనిషితో వాదమెందుకని.

ముగించిన రోజున స్నానం చేసి, తలుపు వేసుకుని, స్వెట్టర్ కళ్లకద్దుకుని తలకి తగిలించుకున్నాడు. తల దూరింది. భుజాలు దూరలేదు. బలవంతాన లాగితే చేతులు రెండూ పైకి లేచి అక్కడే ఇరుక్కుపోయాయి. చుట్టూ ఇటుకరంగు చీకటి, ఊపిరాడదు, దగ్గు మొదలైంది. ఎలాగో గింజుకుని బయటపడి మంచం మీద కూలబడ్డాడు. తన వాటా ఊలు మొత్తం ఒళ్లో ఉంది, దాంట్లో ఒక్క అంగుళం కూడా తన ఒంటికి పనికిరాదు. కిటికీలోంచి చూస్తే వలిసెపూలు ఎప్పుడో రాలిపోయి ఉన్నాయి. పుష్యం ఇక ఎంతో దూరం లేదు. అంతటి మనిషీ తువ్వాలు నోట్లో కుక్కుకుని ఏడ్చాడు.

మధ్యాహ్నం ఆ స్వెట్టర్ తీసుకువెళ్లి గురువుగారి ముందు పెట్టాడు. "అంతా మీరు అల్లినట్టే అల్లినానండి. ఒక్క కుట్టు కూడా తేడా లేదండి" అన్నాడు, నేరం ఒప్పుకుంటున్నవాడి గొంతుతో. గురువుగారు తన స్వెట్టర్ విప్పి పక్కన పెట్టి, ఇది తొడుక్కున్నారు. ఒంటికి పోతపోసినట్టు అతికింది. అటూ ఇటూ తిరిగి చూసుకుని, ముచ్చటపడి రెండు చేతులూ ముందుకు చాపారు. ఎడమచెయ్యి తిన్నగా వచ్చింది. కుడిచెయ్యి మోచేతి దగ్గరే వంగి ఆగిపోయింది. పొట్టి చేతి అంచు సరిగ్గా ఆయన మణికట్టు మీద నిలిచింది. ఎప్పుడూ శాలువా కప్పుకుని ఒళ్లో చేతులు పెట్టుకుని అల్లే మనిషి కావడంతో నాయుడు ఆ వంకర ఇన్నాళ్లూ గమనించనేలేదు.

"చిన్నప్పుడు పనసచెట్టు మీంచి పడ్డాను. ఎముక కట్టినవాడు వంకరగా కట్టాడు" అన్నారు గురువుగారు.

నాయుడు ఆయన ఎడమ చంక వైపు వేలు చూపించాడు. "మరి... ఆ తిరగబడ్డ వరసండి?"

"అదా! ఆ రోజు ఎవరో మోక్షం గురించి అడిగారు. లెక్క తప్పాను."

ఆ తర్వాత ఆయన స్వెట్టర్ విప్పి, "నాకు ఒకటుంది, ఇది నాకెందుకు" అని అంచు దగ్గర ముడి తప్పించి కొస నాయుడి చేతిలో పెట్టారు. లాగమన్నట్టు తల ఊపారు. నాయుడికి చెయ్యాడలేదు. అన్నాళ్ల శ్రమ. కానీ ఒకసారి లాగడం మొదలుపెట్టాక వరసలు వాటంతట అవే జారిపోతూ వచ్చాయి. కుడిచెయ్యి పోయింది, కర్మ పోయింది, నివృత్తి మార్గం సర్రున విడిపోయింది. గురువుగారు ఎదురుగా కూచుని, వచ్చిన ఊలు వచ్చినట్టే ఉండ చుట్టారు. అంతా అయ్యాక ఆ ఉండ నాయుడి ఒళ్లో పెట్టారు. ఊలు ఎంత ఇచ్చారో అంతా ఉంది, కాస్త మెలికలు పడిందంతే.

"నీకు చలి ఎక్కడ పుడుతుంది?" అని అడిగారు.

నాయుడు బిత్తరపోయాడు. ఇంతవరకు ఎవరూ అతన్ని ఆ ప్రశ్న అడగలేదు. తనని తను కూడా ఎప్పుడూ అడగలేదు. "చలంటే... ఒళ్లంతానండి" అన్నాడు.

"కాదు. చూసుకుని రా."

నాయుడు చూసుకోవడం మొదలుపెట్టాడు. బావి దగ్గర, నెగడు దగ్గర, పడక మీద, ఎక్కడున్నా అదే పని. చేతులకు చలి లేదు. పొట్టకు అసలే లేదు, అది దేవుడిచ్చిన దుప్పటి. చలంతా వీపున, రెండు రెక్కల నడుమ పుడుతోంది. అక్కణ్నించి మెడ వెనక్కి పాకి, ఛాతీలోకి దిగి, దగ్గయి పైకి వస్తోంది. గూడ్సు బండి చివర గార్డు పెట్టెలో, వాకిలికి వీపు పెట్టి కూచున్న రాత్రులన్నీ అక్కడే గడ్డకట్టుకుని ఉన్నాయి. ఆ సంగతి తెలిసినప్పుడు తన వీపు మీద తనకే జాలి కలిగింది. పరుగున వెళ్లి చెబితే గురువుగారు తలెత్తకుండానే, "అయితే అక్కణ్నించి మొదలుపెట్టు" అన్నారు.

ఇక ఎవరి లెక్కా లేదు. ఉన్న ఊలు కొంచెం, కప్పవలసిన ఒళ్లు పెద్దది. వీపుకి రెండు పొరలు వేస్తే ముందువైపుకి చాలదు. మెడ ఎత్తు పెంచితే చేతులకు మిగలదు. మొదటిసారి మెడ దగ్గర మోజుకొద్దీ ఎక్కువ పెట్టి, మళ్లీ విప్పాడు. ఇంకోసారి పొట్ట మీద మమకారం చంపుకోలేక విప్పాడు. నాలుగు కుట్లు వేయడం, వీపుకి ఆనించి చూసుకోవడం, అందకపోతే వరహాలమ్మను పిలిచి, "వెనకాల ఎంతవరకొచ్చింది తల్లీ?" అని అడగడం. చివరికి తేలింది ఏమిటయ్యా అంటే, చేతులు లేవు. వీపు దుప్పటంత మందం. మెడ చెవులదాకా లేచింది. ముందువైపు ఛాతీ దాకా వచ్చి ఆగిపోయింది, అక్కడ రెండు అంచులూ కలవక తాళ్లతో ముడివేసుకోవాలి. కుడిచెయ్యి పొట్టి చేసుకున్నాయన దాన్ని చూసి, ఇందులో అర్థమేమిటని గౌరవంగా అడిగాడు. వీపు చలండి, అన్నాడు నాయుడు.

పుష్యం వచ్చిన తెల్లవారి, కింద మలుపులో లారీ ఆగి హారన్ కొట్టింది. నాయుడు తను అల్లినది తొడుక్కుని, ఎందుకైనా మంచిదని మూట కూడా కట్టుకుని వసారా ముందుకి వచ్చాడు. గడ్డి తెల్లగా ఉంది. గురువుగారు వసారాలో నెగడు పక్కన కూచుని అప్పుడే సూదులు అందుకుంటున్నారు. మెట్టు ఎక్కమని ఆయన అనలేదు, నాయుడికీ తోచలేదు. మంచులో నిలబడే మొదలుపెట్టాడు.

"గురువుగారండి, ఇది అల్లడమైతే అల్లినాను గానండి, దీన్ని స్వెట్టర్ అనొచ్చో లేదో నాకు తెలీదండి. చేతుల్లేవు, పొట్ట మీదికి రానేలేదు, మెడ చూస్తే కొంగ మెడలా ఉందని వరహాలమ్మ నవ్వతంది. ఇలాంటిది లోకంలో ఇంకెవరూ వేసుకోలేదనుకుంటానండి. మీ పద్ధతి కాదు, ఎవరి పద్ధతీ కాదు. వీపు ఒకటి చూసుకుని తక్కినదంతా దాని వెనకాల పోనిచ్చినాను. తప్పయితే ఇప్పుడే మూటెత్తుకుని లారీ ఎక్కీస్తాను, అంతే గాని మిమ్మల్ని మొహమాటపెట్టను. నన్ను ఉండమంటారా, దిగమంటారా? మీరు ఏదో ఒకటి చెప్పండి."

ఇదంతా అతను వరసగా, మధ్యలో ఊపిరికి గాని దగ్గుకి గాని ఆగకుండా చెప్పుకొచ్చాడు. కింద లారీ ఇంకోసారి హారన్ కొట్టింది. గురువుగారు సూది మీద మొదటి కుట్టు ఎక్కించుకున్నారు.

"నన్నడుగుతావేం నాయుడూ? ఇందాకటినుంచీ మంచులో నిలబడి ఉన్నది నువ్వు."