దళవాయి సుంకన్న ముద్ద

అనగనగా అంటే ఎప్పుడని నన్ను అడగొద్దు. మా అవ్వకు వాళ్లవ్వ చెప్పింది, ఆమెకూ తెలీదు. ఊరికో దొర, గుట్టకో కోట ఉన్న రోజులనుకోండి. నల్లగుట్ట కోటలో సుంకన్న అనే వంటవాడు ఉండేవాడు. దండుకు రాగిసంగటి కెలకడం వాడి పని. పొట్టివాడు, మాట నెమ్మది. తెడ్డు తప్ప కత్తి పట్టి ఎరగడు.

ఒకరోజు వందమంది కోట వాకిలి దాటి పోరుకు పోయారు. పొద్దు వాలేసరికి ఎనభైమంది తిరిగొచ్చారు. సుంకన్న వాకిట్లో నిలబడి తలలు లెక్కపెట్టి, ఎనభై ముద్దలే చేశాడు. పిండి దండగైతే దొర తిడతాడు మరి. అందరూ తిన్నారు. వాడు కుండ కూడా కడిగేశాడు. అప్పుడొచ్చాడు మద్దిలేటి. సుంకన్న ఊరివాడే, చిన్నప్పుడు వాడితో కలిసి మేకలు కాసినవాడే. చీలిన కడుపును చేత్తో అదుముకుని పాక్కుంటూ వచ్చాడు.

"సుంకన్నా, ఒక ముద్ద పెట్టు."

సుంకన్న గబగబా పొయ్యి రాజేసి ఎసరు పెట్టాడు. ఎసరు మరగకముందే మద్దిలేటి ప్రాణం పోయింది. పోయేముందు ఒకే మాట అడిగాడు.

"నేను రానని నువ్వే అనుకుంటివా?"

ఆ మాట సుంకన్నను బతికినన్నాళ్లూ వదల్లేదు.

ఉడికిన ముద్దను గుడ్డలో కట్టుకుని మద్దిలేటి తల్లి తిక్కమ్మ ఇంటికి పోయాడు. "అత్తా, మీవాడి ముద్ద" అన్నాడు.

"వాడికి పెట్టని ముద్ద నాకెందుకు? తీసుకపో" అని తిక్కమ్మ తలుపేసింది.

మర్నాడు సుంకన్న తెడ్డుతో పాటు ఈటె కూడా పట్టాడు. ఆ రోజు నుంచి వాడిది ఒకటే కట్టుబాటు. ఎంతమంది వాకిలి దాటితే అన్ని ముద్దలు. ముద్ద మిగిలిందంటే మనిషి రాలేదని, పోరు జరిగిన చోటికి మళ్లీ వెతకను పోతాడు. బతికుంటే భుజాన వేసుకొస్తాడు. లేకుంటే ఆ ముద్ద వాళ్లింటికి తనే మోసుకుపోతాడు. గుడ్డమూటతో సుంకన్న వీధిలో కనిపిస్తే చాలు, తల్లులంతా తలుపులేసుకునేవాళ్లు. పాపం, వాళ్లనేం అంటాం?

దండు మాత్రం వాడి వెనకే నడిచింది. తోకలగండి పోరులో దండును నడిపే సర్దారు పడిపోయాడు, అందరూ తలోదిక్కు పరిగెత్తారు. "మీ ముద్దలు కుండలో ఉన్నాయి, తిన్నాక చద్దురు, రాండ్రా" అని సుంకన్న కేకేశాడు. నవ్వుతూ వెనక్కి తిరిగారు, గెలిచారు. దొర వాడి చేతికి వెండి కడియం తొడిగి జమేదారుని చేశాడు. మరుసటేడు ఏటిగట్టు పోరులో గెలిచి వస్తే రెండో కడియం తొడిగి దళవాయిని చేశాడు. దళవాయంటే దండంతటికీ పెద్ద.

"దళవాయివి, ఇంకా సంగటి కెలుకుతావేందిరా?" అని దొర నవ్వాడు.

"ఎంతమంది వాకిలి దాటితే అన్ని ముద్దలు దొరా. ఇంకొకరికి అప్పజెప్పలేను."

మొదటి కడియం వచ్చినప్పుడే తిక్కమ్మ ఇంటికి మళ్లీ మద్దిలేటి ముద్ద తీసుకుపోయాడు. "కడియం చూపియ్యను వస్తివా?" అందామె. రెండో కడియంతో పోయాడు. ఈసారి తలుపే తియ్యలేదు.

ఆ తర్వాత కరువొచ్చింది. కరువుతో పాటు పొరుగు దొర పెద్ద దండుతో వచ్చి కోటను చుట్టేశాడు. చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు లోపలికి చేరారు. తిక్కమ్మ కూడా చేరింది. "సాయం తెస్తా, పది రోజులు" అని మన దొర దొడ్డిదారిన పోయాడు. పది రోజులయ్యాయి. ఇరవై అయ్యాయి. ముప్పై అయ్యాయి. దొరల పది రోజులు అట్లే ఉంటాయి.

ఎదుటి గుట్ట మీద శత్రువు పొగలు లెక్కపెడుతున్నాడు. కోటలో దండు వందమంది. పదిమందికి ఒక పొయ్యి, వందమందికి పది పొగలు. పొగలు తగ్గాయంటే మనుషులు తగ్గినట్టే. ఆ పూటే గోడలకు నిచ్చెనలేస్తాడు. లోపల పిల్లాజెల్లా ఎవర్నీ మిగల్చడు.

మనుషులు తగ్గనే తగ్గారు. బాణాలకు కొందరు, జ్వరాలకు కొందరు, ఆకలికి కొందరు పోయారు.

"అన్నా, ముప్పైమందిమే మిగిల్తిమి. మూడు పొయ్యిలు చాలవా?" అన్నాడు బజారి అనే బంటు.

"వందమందిమి కదా కోటలో నిలిచింది. పది పొయ్యిలూ మండల్ల" అన్నాడు సుంకన్న.

ఇరవైమంది మిగిలారు. పది పొగలు. ఐదుగురు మిగిలారు. పది పొగలు. బజారి కూడా పోయి సుంకన్న ఒక్కడే మిగిలాడు. అప్పుడూ పది పొగలే. పొయ్యిలు పై బురుజు మీద, బాణాలు పడే చోట ఉన్నాయి. అక్కడికి ఆడవాళ్లను రానివ్వలేదు. కట్టెలు అయిపోతే ఈటెల కర్రలు విరిచి మంటలో పెట్టాడు. మిగిలిన పిండంతా పిల్లల కోసం కిందికి పంపేశాడు, ఒక్క గుప్పెడు తప్ప.

నలభయ్యో రోజు శత్రువుకు విసుగెత్తింది. "లోపల వందమందీ తింటూనే ఉన్నారు, మనమే పస్తులు" అని డేరాలు పీకేశాడు.

అందరికంటే ముందు తిక్కమ్మ బురుజెక్కింది. పదో పొయ్యి దగ్గర ఊదుగొట్టం పట్టుకుని సుంకన్న కూర్చునే ఉన్నాడు. ప్రాణం లేదు. ఒంటి మీద ఒక్క గాయం లేదు. తొమ్మిది కుండల్లో ఉత్త నీళ్లు. పదో కుండలో ఒకటే ముద్ద, గుప్పెడంత. ఆకలితో చచ్చే మనిషి దాన్నెందుకు తినలేదో తిక్కమ్మకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. అక్కడే కూలబడి ఏడ్చింది.

శత్రువు పోయిన పూటే మన దొర వచ్చాడు చూడండి, బంగారు కడియంతో. పాత వెండి కడియాలు ఎప్పుడో జారి బూడిదలో పడున్నాయి. దొర కొత్తది మూడుసార్లు తొడిగాడు, మూడుసార్లూ జారిపోయింది. నిలవడానికి ఆ చేతికి కండ ఏది?

తిక్కమ్మ దొరను పక్కకు జరగమంది. ముద్దను రెండు చేసింది. ఒక సగం సుంకన్న అరచేతిలో పెట్టి వేళ్లు మూసింది. రెండో సగం తను తింది.

"మావాడి ముద్ద అందింది నాయనా," అంది. "ఇంక నువ్వు తిను."

ఆ కోట ఇప్పుడు రాళ్లకుప్ప. దొర పేరు ఎవరికీ గుర్తులేదు, నాకూ లేదు. కానీ ఆ పక్క ఊళ్లల్లో బిడ్డ పటాలానికి పోయిన ప్రతి ఇంట్లోనూ సంగటి ఒక ముద్ద ఎక్కువే చేస్తారు. ఎవరికని అడిగితే సుంకన్న ముద్ద అంటారు. పొద్దున్నే తల్లి దాన్ని రెండు చేసి, సగం పొయ్యిగట్టు మీద పెట్టి, సగం తను తింటుంది. ఎంత అలిసిపోయినా, తెల్లారేదాకా ఆ కుండ మాత్రం కడగదు.