బూరెను కరిచిన కట్టుడు పళ్ళు

అనగనగా కొబ్బరితోటల మధ్య ఒక ఊళ్ళో వరహాలమ్మ అని ఒక ముసలమ్మ ఉండేది. ఆవిడకి ముందు జుట్టు నెరిసింది. "పోనీలే, మల్లెపూలు కొనే పని తప్పింది" అని నవ్వింది. ఆ తర్వాత చెవి మందగించింది. "కోడలి సణుగుడు వినపడట్లేదు, హాయిగా ఉంది" అని నవ్వింది. ఆ తర్వాత పళ్ళన్నీ ఊడిపోయాయి. అప్పుడు పట్నం వెళ్ళి కట్టుడు పళ్ళు పెట్టించుకొచ్చింది. "రాత్రిళ్ళు నేనొకచోట, నా పళ్ళొకచోట పడుకుంటాం" అని అందరికీ చెప్పి మరీ నవ్వేది.

ఆవిడ మనవరాలు హైమకి పెళ్ళి కుదిరింది. పెళ్ళికొడుకు నాయనమ్మ పేరిందేవి. అమ్మో, ఆవిడంటే అందరికీ హడల్! ఎప్పుడూ మూతికి కొంగు అడ్డం పెట్టుకునే ఉండేది. పెళ్ళిచూపుల్లో నవ్వలేదు. తాంబూలాలప్పుడు నవ్వలేదు. తాళి కట్టేటప్పుడూ నవ్వలేదు. "నేనంటే ఆవిడకి ఇష్టం లేదు, ఆ ఇంట్లో ఎలా బతకను?" అని హైమకి ఒకటే దిగులు.

అప్పుడు భోజనాల బంతి వేశారు. పేరిందేవి పప్పన్నం మాత్రం మెత్తగా కలుపుకుంటోంది, బూరె ముట్టలేదు. వరహాలమ్మ ఎదురుగా నిలబడి పాట అందుకుంది. పెళ్ళిలో వియ్యాలవారిని పాటలతో ఆటపట్టించాలి కదా!

"వదినగారి విస్తట్లో వంటలన్నీ ఉన్నాయి,
వదినగారి మూతి మీద నవ్వు మాత్రం లేదేమి?"

పాడి, తన పాటకి తనే పకపకా నవ్వింది. ఆ నవ్వుకి కట్టుడు పళ్ళు ఊడి, ఎగిరి, పేరిందేవి విస్తట్లో పడ్డాయి. పడి ఊరుకున్నాయా? బూరెను కరుచుకుని కూర్చున్నాయి!

ఇంకేముంది! నెయ్యి వడ్డించే చెయ్యి ఆగిపోయింది. సన్నాయి ఆగిపోయింది. పెళ్ళికొడుకు నోటి దాకా వచ్చిన ముద్ద ఆగిపోయింది. హైమకైతే ఏడుపొక్కటే తక్కువ.

పేరిందేవి బూరె వంక చూసింది. వరహాలమ్మ బోసినోటి వంక చూసింది. అప్పుడు మెల్లగా కొంగు తీసింది. చూస్తే ఆవిడ నోట్లోనూ ఒక్క పన్ను లేదు!

"నలుగురూ నవ్వుతారని ఇన్నాళ్ళూ నోరే తెరవలేదు వదినగారూ" అంది.

ఆ తర్వాత ఏం చేసిందో చెప్తే నువ్వు నమ్మవు. ఆ పళ్ళను చెంబు నీళ్ళతో కడిగి, తన నోట్లో పెట్టేసుకుంది! ఛీ అనకు, పెళ్ళివాళ్ళందరూ అప్పుడే అనేశారు. ఆవిడ మాత్రం బూరె అంతా తీరిగ్గా తినేసింది. తినేసి, హైమ వంక తిరిగి, ఈ చెవి నుంచి ఆ చెవి దాకా నవ్వింది.

"నిన్ను చూసి ఇలా నవ్వాలని పెళ్ళిచూపుల నాటి నుంచీ ఉందే తల్లీ!"

హైమ ఏడ్చేసింది, ఆ ఏడుపులోనే నవ్వేసింది. వరహాలమ్మేమో బోసినోటితో "నా వంతెప్పుడు వదినగారూ? నేనూ బూరె తినాలి" అంది.

ఆ హైమ ఎవరనుకున్నావు? నేనే. ఇదిగో, నా పళ్ళు తీసి గిన్నెలో వేస్తున్నాను. ఏమిటే, అలా కళ్ళు పెద్దవి చేసుకుని చూస్తావు? ఇన్నాళ్ళూ ఇవి నా సొంత పళ్ళనుకున్నావా?

కథేమో కంచికి,
పళ్ళేమో గిన్నెకి,
బూరేమో పొట్టకి,
బుజ్జిదేమో నిద్రకి!