మేక మేసిన మల్లెతోట

అనగనగా అంటే మరీ పాతకాలమేం కాదు. మేకలు మనుషులతో ఇంకా మాట్లాడుతున్న కాలం. కృష్ణ ఒడ్డున ఒక ఊళ్లో సలోమి అనే ఆవిడ ఉండేది. భర్త యోహాను మల్లెలు పెంచేవాడు, ఆవిడ దండలు కట్టేది. పూల కాలంలో తప్ప ఆవిడ తోటలో అడుగుపెట్టేది కాదు.

కొత్త సంవత్సరం వచ్చిన వారానికే యోహాను జ్వరంతో కన్నుమూశాడు. నెల గడిచాక సలోమి తోటకు వెళ్లి చూస్తే ఏముంది, నాలుగాకులు తప్ప అన్నీ మోడులే! ఈస్టరు తెల్లవారుజామున ఊరంతా తమవాళ్ల సమాధులకు పూలు పెడతారు. బతుకంతా పూలు పెంచిన మనిషికి తన తోట పువ్వు ఒక్కటైనా దక్కదే అని ఆవిడ కుమిలిపోయింది.

మొదట కట్టెల వ్యాపారి వచ్చాడు. "ఎండిపోయిందమ్మా. పీకించెయ్, బండి నేనే తెస్తాను" అన్నాడు.

తర్వాత కాకి కంచె మీద వాలింది. "చచ్చినవాటి సంగతి నాకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు? ఇది చచ్చింది" అంది. సలోమి గడ్డపార తెచ్చుకుంది.

అప్పుడు మేక వచ్చి, మిగిలిన నాలుగాకులూ నమలసాగింది. సలోమికి ఒళ్లు మండింది. "తోటంతా మేసింది నువ్వేనా, దొంగమొహమా!"

"నేనే. ఏటా మీ ఆయనే పిలిచి మేపేవాడు. నీళ్లు ఆపి, ఆకు పోగొట్టి, కొమ్మ కత్తిరిస్తేనే మల్లె మొగ్గ తొడుగుతుంది. నీకు చెప్పలేదా?"

"నేనెప్పుడూ అడగలేదు." ఆవిడ ఒక మోడు వైపు వంగింది. "అయితే ఇది చావలేదంటావా?"

"నా మాటెందుకు? గోటితో గీకి చూడు."

గీకింది. బెరడు కింద పచ్చగా, తడిగా ఉంది. సలోమి గడ్డపార వదిలేసి, యోహాను పోయాక మొదటిసారి బావురుమంది.

ఆ రోజే కొమ్మలు కత్తిరించి, ఎరువు వేసి నీళ్లు పెట్టింది. ఈస్టరుకు ముందొచ్చే శ్రమదినాలు నలభై గడిచేలోగా తోట చిగిర్చి మొగ్గ తొడిగింది. శనివారం కోసి దండ కట్టింది. ఆదివారం తెల్లవారుజామున సమాధి దగ్గరికి చేరేసరికి మొగ్గలన్నీ విచ్చుకున్నాయి. వెంటవచ్చిన మేక దండ వైపు మెడ చాచింది.

"ఇది మాత్రం నీకు కాదు" అని సలోమి దాన్ని పక్కకు నెట్టింది. దండ వేసి, మట్టి మీద చెయ్యి ఆనించింది. "ప్రభువా, ఇక్కడ గోటితో గీకి చూడలేను. సమాధిలోంచి లేచినవాడివి నువ్వు. నీ మాట మీదే, ఈయనా లేస్తాడని నమ్ముతున్నాను."

పిల్లలూ, కంటికి కనబడని పచ్చదనం కోసం గడ్డపార పక్కనపెట్టి కనిపెట్టుకుని ఉండటాన్నే నిరీక్షణ అంటారు.