ఉపన్యాసం విన్న కుండ

కరువులో పొలాలు బీడైన నలభైమంది రైతులకు కుండలు చేయడం నేర్పించి, బతుకుదారి చూపమన్నాడు రాజు. ఆ పని పుండరీకయ్య అనే అధికారి నెత్తిన పడింది. ఆయన కుమ్మరి కోటమ్మ వాకిట్లో ఎత్తుపీట వేయించుకుని, మూడు రోజులు మట్టి గురించీ మంట గురించీ గొంతు చించుకున్నాడు. ఒక్కరి చేతికీ మట్టి అంటనివ్వలేదు.

మూడోనాడు, "అందరికీ పని వచ్చిందని వేలిముద్ర వెయ్యవే. రేపు వీళ్లని పంపించేస్తాను," అన్నాడు.

"వేస్తాను దొరా. అరిచి అరిచి అలిసిపోయారు, ముందు దాహం తీర్చుకోండి," అంటూ కోటమ్మ కొత్త కుండ నిండా నీళ్లు పోసి అందించింది. ఎత్తి తాగుతుండగానే అడుగు మెత్తబడి ఊడింది. పట్టుపంచె బురదైంది.

"కాల్చని కుండ ఇస్తావా, బుద్ధిలేనిదానా!"

"మూడు రోజులూ మీ పీట పక్కనే ఉంది దొరా. మంట గురించి మీరు చెప్పిందంతా విన్నది. ఈపాటికి కాలి ఉంటుందనుకున్నాను."

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. నలభైమందీ మట్టి అంటని తమ చేతులకేసి చూసుకున్నారు. వీళ్లు ఇళ్లకెళ్లి పిల్లలకేం పెడతారు? ఆ ఆలోచన పుండరీకయ్యకు అప్పుడొచ్చింది. సిగ్గుతో తలెత్తలేకపోయాడు.

"ఇంకో నెల వీళ్లకు నేర్పుతావా అమ్మా?" అన్నాడు చివరికి.

"నేర్పుతాను. కానీ కుండలు కాల్చే ఆవానికి నా దగ్గరున్న కట్టెలు సరిపోవు."

పుండరీకయ్య లేచి, తన ఎత్తుపీటను తానే మోసుకెళ్లి ఆవంలో వేశాడు.